పేరున్న యూనివర్సిటీ కాకపోయినా హైస్కూల్ ప్లేయర్లను మన టీమ్‌కి ఎలా ఒప్పించాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. పెన్సిల్వేనియాలో ఒక చిన్న డివిజన్ 3 (అమెరికా కాలేజీ ఆటల్లో మూడో స్థాయి) కాలేజీలో అమ్మాయిల టెన్నిస్ టీమ్‌కి మీరు కొత్తగా అసిస్టెంట్ కోచ్‌గా చేరారు. రిక్రూటింగ్ మొత్తం హెడ్ కోచ్ మీకు అప్పగించారు. ఆట పేరు మీద స్కాలర్‌షిప్ ఇవ్వడానికి లేదు, కాలేజీ పేరు పక్క రాష్ట్రంలో ఎవరికీ తెలియదు. "ఏమని పిలవాలి? పిలిస్తే మాత్రం ఎందుకొస్తారు?" అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మొదట పై స్థాయి అయిన డివిజన్ 1లో, ఆ తర్వాత మీలాంటి చిన్న కాలేజీలో. నాకు తెలిసింది ముందే చెప్పేస్తాను. ఒప్పించే పనిలో ముప్పాతిక వంతు, ఎవరిని అడగాలో తేల్చుకోవడంలోనే ఉంది. మీ కాలేజీ నిజంగా ఏ అమ్మాయికి మేలు చేస్తుందో ఆ అమ్మాయిని పట్టుకోండి, ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మాటకారితనంతో తెచ్చుకున్న ప్లేయర్ ఏడాది తిరక్కుండా వెళ్లిపోతుంది. ఆమెకీ నష్టం, మీకూ నష్టం.

వెళ్లిపోవడం ఇప్పుడు ఎంత తేలికో మీకు తెలిసే ఉంటుంది. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు తమ పేరు పెట్టుకునే జాబితా అది. డివిజన్ 1లో ఒకప్పుడు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో కాలేజీ మారితే ఏడాది పాటు ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది. 2021 నుంచి ఒకసారి, 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లైనా మారవచ్చు. ఫలానా కాలేజీలోనే చేరతానని ఆటగాళ్లు సంతకం చేసే, 1964 నుంచి నడిచిన నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను కూడా 2024 అక్టోబర్‌లో ఎత్తేశారు. సంతకం చేయించుకుంటే నాలుగేళ్లు మనదే అనుకునే రోజులు పోయాయి.

డబ్బు సంగతికొస్తే, 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ ప్రకటనల లాంటి వాటికి వాడనిచ్చి సంపాదించుకోవచ్చు. ఆటగాళ్లు తమకూ డబ్బు రావాలని వేసిన హౌస్ కేసులో రాజీకి 2025 జూన్ 6న కోర్టు ఆమోదం తెలిపాక, ఆ ఒప్పందంలో చేరిన డివిజన్ 1 యూనివర్సిటీకి మొదటి ఏడాదే, అంటే 2025-26లో, సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా తన ఆటగాళ్లకు నేరుగా పంచే వీలు దొరికింది. ఇది చూసి మీరు బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఆ పోటీలో మీరు లేరు. పైగా అదే రాజీలో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. పాత స్కాలర్‌షిప్ పరిమితులు తీసేసి, టీమ్‌లో మొత్తం ఎంతమంది ఉండాలో పరిమితి పెట్టారు. టెన్నిస్‌కి 10 మంది. అంతకుముందు స్కాలర్‌షిప్ లేకపోయినా పెద్ద టీమ్‌లో ఒక మూల చోటు దొరికించుకునే పిల్లలుండేవారు. ఇప్పుడు ఆ చోట్లు తగ్గాయి. ఆ స్థాయి అమ్మాయిలు డివిజన్ 3 వైపు చూస్తున్నారు. మీ ఫోన్ మోగితే ఎత్తే పరిస్థితిలో ఉన్నారు.

ఇంతకీ మీ అసలు పోటీ ఎవరో చెప్పనా? మీలాంటి మరో నాలుగు చిన్న కాలేజీలు ఎలాగూ ఉంటాయి. వాటికంటే గట్టి పోటీ, "ఇక ఆట చాలు, పెద్ద స్టేట్ యూనివర్సిటీలో చేరి చదువుకుంటాను" అనే ఆలోచన. మన తెలుగు ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. పర్‌డ్యూలోనో జార్జియా టెక్‌లోనో కంప్యూటర్ సైన్స్ సీటొస్తే, ఎవరూ వినని కాలేజీకి టెన్నిస్ కోసం పంపడమేంటని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మీ దగ్గర నిజమైన జవాబు లేకపోతే ఆ ఇంటికి ఫోన్ చేయకండి. క్లాసులో ఇరవై మందే ఉండటం, మొదటి ఏడాదే ప్రొఫెసర్ ల్యాబ్‌లో పని దొరకడం, నాలుగేళ్లు నిజంగా కోర్టు మీద ఆడటం, ఈ మూడూ కావాలనుకునే అమ్మాయి ఉంటుంది. ఆ అమ్మాయి మీ మనిషి.

మొట్టమొదట మీ ఇప్పటి టీమ్‌లో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగండి. ఎందుకు వచ్చావు, వచ్చాక ఏది అనుకున్నట్టు లేదు. హెడ్ కోచ్ పక్కన లేకుండా అడగండి. వాళ్లు చెప్పిన మాటల్ని వాళ్ల మాటల్లోనే రాసుకోండి. కాలేజీ బ్రోచర్‌లో ఉండే మాటల కంటే అవి వంద రెట్లు పనికొస్తాయి. అనుకున్నట్టు లేనిదేమిటో తెలిస్తే, రేపు కొత్తవాళ్లకు ముందే ఏది చెప్పాలో తెలుస్తుంది.

ఇక వెతకడం. ఆగస్టులో అమ్మాయిలకు జాతీయ 18 ఏళ్లలోపు పోటీలు జరుగుతాయి. గెలిచినవాళ్లకు యూఎస్ ఓపెన్‌లో చోటు. డివిజన్ 1 కోచ్‌లందరూ యూనివర్సిటీ టోపీలు పెట్టుకుని అక్కడ వరసగా కూర్చుంటారు. మీరు మీ సెక్షన్ (ప్రాంతీయ) టోర్నమెంట్లకు, హైస్కూల్ రాష్ట్ర పోటీలకు వెళ్లండి. ఆటగాళ్ల స్థాయిని అంకెలో చెప్పే యూటీఆర్ రేటింగ్ చూసుకుని, మీ టీమ్ సింగిల్స్‌లో 3 నుంచి 6 స్థానాల్లో ఆడేవాళ్లకు దగ్గరగా ఉన్నవాళ్ల జాబితా తీయండి. రేటింగ్ పని అంతవరకే. ఆ తర్వాత కళ్లతో చూడాల్సిందే.

ఏం చూడాలంటే, జూనియర్ టెన్నిస్‌లో చాలా మ్యాచ్‌లకు అంపైర్ కుర్చీలో ఎవరూ ఉండరు. ఎవరి వైపు పడిన బంతిని వాళ్లే లోపలా బయటా అని చెప్పుకోవాలి. పొద్దున ఎనిమిదింటికి వెనక కోర్టుల దగ్గర, ఎవరూ చూడని మ్యాచ్ దగ్గర నిలబడండి. మొదటి సెట్ ఓడిపోయి, రెండో సెట్లో బ్రేక్ పాయింట్ మీద ఉన్న అమ్మాయి వైపు బంతి గీత అంచున పడుతుంది. ఆమె ఒక్క క్షణం ఆగి, రాకెట్ దించి, "గుడ్ షాట్" అని బంతి అవతలికి కొట్టేసిందనుకోండి, జేబులోంచి పుస్తకం తీసి పేరు రాసుకోండి. మ్యాచ్ అయ్యాక నాన్న ఏదో గట్టిగా చెబుతుంటే ఎలా వింటోంది, బ్యాగు తనే మోస్తోందా, ఓడిపోయిన స్నేహితురాలి దగ్గరికి వెళ్లిందా, ఇవి కూడా చూడండి. ఆరుగురు సింగిల్స్, మూడు జంటల డబుల్స్ ఆడే టీమ్‌లో ఇలాంటి అమ్మాయి ఒక్కతి ఉంటే మిగతావాళ్ల నడకే మారుతుంది. నేనైతే సర్వీస్ వేగం కంటే దీన్నే ముందు చూస్తాను. పోటీ నడుస్తుండగా మాత్రం వెళ్లి పలకరించకండి, అది రూల్.

ఆ రాత్రే ఈమెయిల్ రాయండి. "డియర్ స్టూడెంట్ అథ్లెట్" అని మొదలయ్యే ఈమెయిళ్లు ఆ పిల్లల ఇన్‌బాక్స్‌లో గుట్టలుగా ఉంటాయి, తెరవరు. "ఈరోజు 11వ కోర్టులో మీ మ్యాచ్ చూశాను. రెండో సెట్లో బ్రేక్ పాయింట్ దగ్గర గీత మీద పడిన బంతిని లోపలే అన్నారు. మా టీమ్‌లో అలా ఆడేవాళ్లు కావాలి. మీ బ్యాక్‌హ్యాండ్ రిటర్న్ మా డబుల్స్‌కి బాగా పనికొస్తుంది. రెండో సర్వీస్ మీద పని చేయాల్సి ఉంది, దాని మీద మేమెలా పనిచేస్తామో మాట్లాడుకుందామా?" ఇంతే. ఐదారు వాక్యాలు. లోపం కూడా చెప్పారు కాబట్టి మెచ్చుకోలు నిజమని ఆమెకు అర్థమవుతుంది. ఇలాంటి ఈమెయిల్‌కి జవాబు రాకపోవడం నేను అరుదుగా చూశాను.

రూల్స్ గురించి ఎక్కువ చెప్పను. డివిజన్ 1లో టెన్నిస్ సహా చాలా ఆటలకు పదో తరగతి అయిపోయాక జూన్ 15 వరకు కోచ్ మెసేజ్ కూడా పంపకూడదు, పదకొండో తరగతి మొదలయ్యే ఆగస్టు 1 నుంచి అఫీషియల్ విజిట్లు, అంటే కాలేజీ ఖర్చుతో క్యాంపస్ చూడటం. డివిజన్ 3లో ఈమెయిల్, ఫోన్ విషయంలో మీకు స్వేచ్ఛ ఎక్కువ. మీ పెద్ద లాభం ఇదే, ముందుగా పరిచయం పెంచుకోవచ్చు. క్యాంపస్ బయట ఎదురుగా కలవడానికి, విజిట్ ఖర్చు భరించడానికి తేదీలు వేరే ఉన్నాయి. మీ కంప్లయన్స్ ఆఫీసులో (ఆటల రూల్స్ చూసే ఆఫీసు) అడిగి, ఆ కాగితం బల్ల మీద అతికించుకోండి. టీషర్ట్ కూడా బహుమతిగా ఇవ్వకూడదు.

ఇప్పుడు అసలు మాట: ఎక్కడ ఆడుతుందో నిజం చెప్పడం. ప్రతి కోచ్‌కీ ఇక్కడే నోరు జారుతుంది. "మొదటి ఏడాదే నువ్వు లైనప్‌లో (మ్యాచ్ ఆడేవాళ్ల జాబితాలో) ఉంటావు" అంటే ఆ అమ్మాయి మొహం వెలిగిపోతుంది, ఫోన్ అవతల తల్లి గొంతు మారుతుంది. అదే మాట మరో ముగ్గురికి చెప్పి ఉంటే సెప్టెంబర్‌లో ఆ నలుగురూ ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కలుస్తారు. నార్త్ కరోలినా బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ ఎంత పెద్ద ఆటగాడికైనా ఆడిస్తానని మాట ఇచ్చేవాడు కాదు. 1981లో అలా చేరిన వాళ్లలో మైకేల్ జోర్డాన్ ఒకడు. మొదటి ఏడాదే లైనప్‌లోకి వచ్చాడు, 1982 ఫైనల్లో గెలుపు షాట్ కొట్టాడు. ఆ స్థానం అతనికి ముందుగా ఎవరూ రాసిచ్చింది కాదు.

మీరు ఇలా చెప్పండి: "మా 4, 5, 6 స్థానాల్లో ఆడేవాళ్లలో ఇద్దరు ఈ ఏడాదితో వెళ్లిపోతారు. ఇద్దరు కొత్తవాళ్లను తీసుకుంటున్నాం, మీతో పాటు ఇంకొకరితో కూడా మాట్లాడుతున్నాం. ఇప్పుడున్న ఆటతో మీరు ఆరో స్థానం కోసం గట్టిగా పోటీ పడతారు. రాకపోవచ్చు కూడా. రాకపోతే మీకు ఆ ఏడాది ఎన్ని మ్యాచ్‌లు దొరుకుతాయో ఇదిగో, పోయిన ఏడాది మా ఎనిమిదో ప్లేయర్ ఆడిన షెడ్యూల్." ఆ షెడ్యూల్ నిజంగా తీసి చూపించండి. ఇది విని వెనక్కి తగ్గే అమ్మాయిలుంటారు. వాళ్లు ఇప్పుడే తగ్గడం మంచిది. ఇది విని "సరే, ఆరో స్థానంలో ఆడేది ఎవరు, ఆమె మ్యాచ్ చూడొచ్చా?" అని అడిగే అమ్మాయి కోసమే మీరు వెతుకుతున్నారు.

డబ్బు మాట కూడా ముందే రావాలి. చాలా ప్రైవేటు కాలేజీల్లో హాస్టల్, భోజనంతో కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతోంది. డివిజన్ 3లో ఆటకు డబ్బు లేదు. మెరిట్‌కి, కుటుంబ అవసరానికి ఇచ్చే సాయం మాత్రమే, అది కూడా ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు తేలుస్తుంది. మీ నోటి నుంచి అంకె రాకూడదు, "నేను మాట్లాడి చూస్తా" అని కూడా అనకూడదు. కానీ ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో సాయం పోను నిజంగా కట్టాల్సింది అంచనా వేసే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, చట్టప్రకారం ఉండాలి. రెండో ఫోన్‌కాల్‌లోనే తల్లిదండ్రులను ఆ లెక్క వేసుకోమనండి. అమ్మాయి క్యాంపస్ మీద మనసు పడ్డాక, ఏప్రిల్‌లో ఆ అంకె చూసి ఇంట్లో ఏడుపులు రావడం కంటే ఇది ఎంతో నయం. ఇద్దరూ ఐటీ ఉద్యోగాల్లో ఉన్న ఇళ్లకు అవసరం కింద వచ్చే సాయం తక్కువే ఉంటుంది. వాళ్లకు మెరిట్ సాయమే ముఖ్యం. విలియమ్స్, ఆమ్హర్స్ట్ లాంటి చోట్ల మెరిట్ సాయం అసలు లేదు. మీ కాలేజీలో ఉంటే, మీకది పెద్ద బలం. దాన్ని గట్టిగా చెప్పండి.

మన కుటుంబాలతో మాట్లాడేటప్పుడు మరో సంగతి. అమ్మాయి హెచ్-4 వీసా మీద ఉంటే ఫెడరల్ సాయానికి అర్హత లేదు, పేరు మీద సంపాదనకీ వీసా అడ్డొస్తుంది. ఇరవై ఒకటి నిండేసరికి కాలేజీ మధ్యలో ఎఫ్-1కి మారాల్సి రావచ్చు. పిల్లకి తెలియకపోవచ్చు, తల్లిదండ్రులు సిగ్గుపడి అడగకపోవచ్చు. మీరు మెల్లగా ఆ విషయం ఎత్తి, మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఎవరితో మాట్లాడాలో చెప్పండి. వేరే ఏ కోచ్‌కీ తట్టని సాయం ఇది. ఇది చేసినప్పుడు ఆ ఇంట్లో మీ మాటకు వచ్చే విలువే వేరు. కానీ అందుకోసం చేయకండి, ఆ పిల్లకి అవసరం కాబట్టి చేయండి.

తెలుగు తల్లిదండ్రులు సాహిత్ తీగల పెప్పర్‌డైన్‌లో ఆడి 2020లో కాలేజీ గోల్ఫ్ పెద్ద అవార్డులన్నీ కొట్టాడనీ, సాకేత్ మైనేని అలబామాలో, సహజ యమలపల్లి టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడారనీ ఎత్తుతారు. సంతోషంగా వినండి. వాళ్ల పేర్లతో మీ కాలేజీని మాత్రం అమ్మకండి. వాళ్లవి డివిజన్ 1 దారులు, ప్రొఫెషనల్ ఆట కోసం వేసుకున్న దారులు. మీ దారి వేరు, దానికి దాని గౌరవం ఉంది.

వాళ్ల అసలు ప్రశ్న ఇంకోటి ఉంటుంది: "ఆడుతూ మెడిసిన్‌కి ప్రిపేర్ అవ్వగలదా?" దీనికి "తప్పకుండా" అనకండి. బయాలజీ చదువుతున్న మీ ప్లేయర్ అనుమతితో ఆమె వారం టైమ్‌టేబుల్ పేపరు మీద చూపించండి. ల్యాబ్ ఏ మధ్యాహ్నం, ప్రాక్టీస్ ఎన్నింటికి, రెండూ ఢీకొన్నప్పుడు ఎవరు సర్దుకున్నారు, ఏప్రిల్‌లో బస్సులో ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివిన వారం ఎలా గడిచింది. ఇవి చెబితే తండ్రి నోట్స్ రాసుకోవడం మొదలుపెడతాడు. నేను ఎన్నోసార్లు చూశాను.

విజిట్‌కి పిలిచినప్పుడు, రాత్రి ఉండటానికి మీ టీమ్‌లో అందరికంటే హుషారైన అమ్మాయి గది చూపించాలనిపిస్తుంది. వద్దు. అదే సబ్జెక్ట్ చదువుతున్న అమ్మాయి, వీలైతే మొదటి ఏడాది బెంచ్ మీద కూర్చున్న అమ్మాయి గది ఇవ్వండి. ఏం చెప్పాలో ఆమెకు నేర్పకండి. డైనింగ్ హాల్లో టీమ్‌తో భోజనానికి కూర్చోబెట్టి మీరు లేచి వెళ్లిపోండి. కోచ్ పక్కనుంటే ఎవరూ నిజం మాట్లాడరు. ఆ సమయంలో తల్లిదండ్రులను ఇప్పటి ప్లేయర్ తల్లితో ఫోన్‌లో కలపండి, మీరు ఆ గదిలోంచి కూడా బయటికి రండి. మీ టీమ్ బాగుంటే ఈ గంటన్నర మీ ఆరు నెలల ఫోన్‌కాల్స్ కంటే ఎక్కువ పని చేస్తుంది. బాగోకపోతే ముందు టీమ్ సంగతి చూసుకోవాలి, రిక్రూటింగ్ తర్వాత.

అడ్మిషన్ గురించి జాగ్రత్త. పదకొండో తరగతి మార్కులు రాగానే, వేసవిలో ఆమె ట్రాన్‌స్క్రిప్ట్ అడ్మిషన్స్ ఆఫీసుకిచ్చి ముందస్తు అభిప్రాయం తీసుకోండి. అది వచ్చేదాకా "నీకు సీటు ఖాయం" అనే మాట రానీయకండి, వచ్చాక కూడా అడ్మిషన్స్ వాళ్లు అన్నదే చెప్పండి. 2019లో బయటపడిన వర్సిటీ బ్లూస్ కుంభకోణంలో కొందరు కోచ్‌లు ఆడని పిల్లలను ఆటగాళ్లని చూపించి సీట్లు అమ్ముకున్నారు. అప్పటి నుంచి అడ్మిషన్స్ వాళ్లు కోచ్ మాటను రెండుసార్లు చూసుకుంటున్నారు, అలా చూడటమే సరైనది.

గడువు పెట్టి బెదిరించడం కొందరి పద్ధతి. "శుక్రవారం లోపు చెప్పకపోతే చోటు వేరేవాళ్లకిస్తాను" అని. పదిహేడేళ్ల పిల్లతో అలా మాట్లాడకూడదు. మీకు నిజంగా తేదీ అవసరమైతే కారణంతో చెప్పండి. ఎర్లీ డెసిషన్ దరఖాస్తు చాలాచోట్ల నవంబర్ 1 లేదా 15, అది కట్టుబడి ఉండాల్సిన దరఖాస్తు, కాబట్టి అక్టోబర్ మొదట్లో మీ మనసులో మాట తెలిస్తే మేలు అనండి. నోటిమాటగా ఒప్పుకున్నది ఎవరినీ కట్టిపడేయదని కూడా మీరే చెప్పండి. మీరు మాత్రం మీ మాట మీద నిలబడండి.

చివరికి చాలామంది "నో" అంటారు. అప్పుడు ఏం చేస్తారన్నది కూడా ఈ పనిలో భాగమే. టెనెసీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్ పాట్ సమ్మిట్ 1990 సెప్టెంబర్‌లో నిండు గర్భిణి. మిషెల్ మార్సినియాక్ అనే అమ్మాయిని ఒప్పించడానికి విమానంలో పెన్సిల్వేనియా వెళ్లారు. అక్కడ ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. తిరుగు ప్రయాణంలో వర్జీనియాలో దిగుదామని పైలట్లు అంటే ఒప్పుకోకుండా టెనెసీ దాకా వచ్చారు, అక్కడే కొడుకు పుట్టాడు. అంత చేసినా మార్సినియాక్ చేరింది నోటర్‌డామ్ యూనివర్సిటీలో. తర్వాత అక్కడి నుంచి టెనెసీకి మారింది, 1996లో టెనెసీ జాతీయ టైటిల్ గెలిచినప్పుడు ఫైనల్ ఫోర్‌లో (చివరి నాలుగు జట్ల పోటీలో) అత్యుత్తమ క్రీడాకారిణి ఆమే. తలుపు మూసేసి ఉంటే మళ్లీ అటువైపు ఎందుకు చూస్తుంది?

కాబట్టి "నో" వచ్చిన రోజే చేత్తో రాసిన చిన్న ఉత్తరం పంపండి. ఎంచుకున్న కాలేజీ గురించి మంచి మాట ఒకటి, ఆమె ఆటలో మీకు నచ్చినది ఒకటి. "మళ్లీ ఆలోచించు" అని రాయకండి. ఆమె వేరే కాలేజీలో చేరాక, మారాలనుకుంటున్నానని రూల్స్ ప్రకారం తెలియజేసేదాకా మీరు మెసేజ్ చేయకూడదు కూడా.

మీ టీమ్ అమ్మాయిలతో మాట్లాడాక వాళ్లు చెప్పింది, మీ మొదటి ఈమెయిల్ చిత్తుప్రతి, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. చదివి, ఎక్కడ మార్చాలో వాక్యం వాక్యం చెబుతాను.